యంకమ్మ పీకిన కలుపు

మా కాలనీ పార్కులో ఇరవై రెండేళ్ళపాటు ఎవరి కాలికీ ఒక్క పల్లేరు ముల్లు గుచ్చుకోలేదు. బళ్లారి ఎండలో, చుట్టూ బండరాళ్ళూ తుమ్మముళ్ళూ తప్ప ఇంకేమీ లేని చోట, మా వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని అరెకరం పచ్చగడ్డి మీద ఒట్టికాళ్ళతో నడిచేవాళ్ళు. ఆ ఘనత కాలనీ ప్రెసిడెంటు చెన్నకేశవరావుగారిదని గేటు పక్కన రాతిపలక మీద చెక్కి ఉంది. నిజానికి ఆ ఘనత యంకమ్మది. పలక రాయించిన సెక్రటరీని నేనే కాబట్టి ఆ తప్పు కూడా నా ఖాతాలోనే వేసుకోవాలి.

నా పేరు సుధాకర్. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. సెక్రటరీ పని ఎవరూ ఒప్పుకోకపోతే నాకు అంటగట్టారు. మా నాన్న కృష్ణాజిల్లా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర వలస రైతుల క్యాంపులో కాలువ కింద వరి పండించాడు. కప్పగల్లు రోడ్డులో ఉన్న ఈ కాలనీలో సగం మందిది అదే కథ. పచ్చగా ఉంటేనే నేల, లేకపోతే బీడు అన్న నమ్మకం మాకు పుట్టుకతో వచ్చింది. అందుకే కుళాయి నీళ్ళు వారానికో పదిరోజులకో ఒకసారి వచ్చే ఊళ్ళో, పార్కులో బోరు వేసి మరీ గడ్డి పెంచాం. ఇళ్ళల్లో పిల్లలకు స్నానానికి అరబకెట్టు కొలిచి పోసేవాళ్ళం, గడ్డికి మాత్రం రోజూ రెండు పూటలా తడి. సిగ్గుపడాల్సిన సంగతే. అప్పట్లో ఎవరమూ పడలేదు.

ఇక యంకమ్మ. మనిషి పొట్టి, నలుపు, ఎండకు కళ్ళు చికిలించి చికిలించి కనుకొసల్లో ముడతలు పడిపోయాయి. పూర్వీకులు ఎప్పుడో ఈ నేల మీదికి వచ్చిన తెలుగువాళ్ళు. సొంత పొలం లేదు. పదేళ్ళ వయసులో తల్లి కొంగు పట్టుకుని కలుపు కూలికి బయలుదేరింది. జొన్నచేలో, వేరుశనగలో, ఆ తర్వాత సిరుగుప్ప కాలువ కింద వరిమళ్ళలో ముప్ఫై మంది ఆడవాళ్ళ వరసలో వంగి పనిచేసింది. వరిలో ఊద అని ఒక గడ్డి మొలుస్తుంది. చిన్నప్పుడు అచ్చం వరిపైరులాగే ఉంటుంది. ఆకు కాండాన్ని పట్టుకునే చోట వరికి సన్నటి పొర, కాస్త నూగు ఉంటాయి, ఊదకు ఉండవు. మోకాలి లోతు బురదలో వంగి, నడుస్తూ నడుస్తూనే ఆ తేడా పట్టాలి. యంకమ్మ చూడకుండా, వేళ్ళతో తడిమి పట్టేది. చెన్నకేశవరావుగారి మడిలో ఒకరోజు ఆయన గట్టు మీద నిలబడి పందెం వేసి, ఆమె పీకిన మోపంతా వెతికితే అందులో ఒక్క వరి మొక్క దొరకలేదట. ఈ ముచ్చట ఆయన ఇప్పటికీ చెబుతారు. తర్వాత ఆయన బళ్లారిలో ఇల్లు కట్టుకుని కాలనీ పెట్టించినప్పుడు, పార్కుకు మాలీ కావాలంటే యంకమ్మను పిలిపించారు.

ఆమె మొగుడు యశ్వంతనగర్ గనుల్లో లోడింగు పని చేసేవాడు. గనులు మూతబడినప్పుడు ఇంటికి వచ్చేశాడు, ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయాడు. ఒక్కతే కూతురు, కావేరి. సండూరులో అత్తారిల్లు. అల్లుడు మంచివాడే. వచ్చి తమ దగ్గర ఉండమని ఇద్దరూ అడుగుతూనే ఉంటారు. యంకమ్మ మాత్రం, "చేతులు ఆడతాండంగా ఇంగొకరింట్లో కూసొని తినేది నాతో గాదు సారూ. పండక్కి పోతా, రెండు దినాలుండి వస్తా, అంతే" అనేది. కాలనీ గోడ అవతల సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. పొద్దున ఆరింటికి గేటు తీసుకుని వచ్చి, పదకొండు దాకా గొంతుకూర్చుని గడ్డి మీద ఒక కొసనుంచి రెండో కొసకు జరుగుతూ పోయేది. ఒక చేతిలో చిన్న కొడవలి, పక్కన గోనెసంచి.

ఆమె పని పద్ధతి గురించి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, కలుపును ఎప్పుడూ కోయదు. నేల తడిగా ఉన్నప్పుడే, కొడవలి మొనతో మన్ను కదిలించి, వేరు కొస దాకా చెక్కుచెదరకుండా లాగుతుంది. వేరు తెగితే నాలుగు రోజుల్లో అదే మొక్క నాలుగు పిలకలతో లేస్తుందని ఆమె లెక్క. రెండోది, పీకినదాన్ని అక్కడ వదలదు. సంచికెత్తుకుని పోయి, గోడలో ఒకచోట రాళ్ళు పడిపోయి ఏర్పడిన సందులోంచి అవతలికి పారబోస్తుంది. అవతల ఏముందో నేను ఏనాడూ చూడలేదు. చెత్త ఎక్కడికి పోతుందో చూడటానికి ఎవరు పోతారు?

ఏటా ఒక్కరోజు మాత్రం కాలనీకి యంకమ్మతో ప్రత్యేకంగా పని పడేది. వినాయక చవితి పొద్దున ఆమె తట్ట నిండా పత్రి కట్టలు కట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఉత్తరేణి, వాకుడు, విష్ణుక్రాంత, జిల్లేడు, ఉమ్మెత్త, గరిక, పూజ పుస్తకంలో పేరున్న ఆకుల్లో ఈ నేల మీద దొరికేవన్నీ ఉండేవి. బజారులో కొన్న కట్టలో సగం మామిడాకులే ఉంటాయని మా ఆవిడ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా బజారు పత్రి కొనలేదు. యంకమ్మ అవి ఎక్కడినుంచి తెస్తుందని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి, దాంతో బాటు ఎర్రటి బురద. ట్యాంకరు తెప్పించాం. ట్యాంకరు నీళ్ళు గడ్డికి పోస్తుంటే, పై అంతస్తుల్లో నీళ్ళు రాని ఇల్లాళ్ళు బిందెలు పట్టుకుని పార్కులోకి దిగారు. పైపు ఒకరు ఇటు లాగుతారు, ఒకరు అటు. ఆ గొడవ ఇక్కడ రాయను, ఎందుకంటే అందులో మా ఆవిడ కూడా ఉంది. నెల తిరిగేసరికి గడ్డి కొబ్బరిపీచు రంగుకు తిరిగింది. సంఘం కూర్చుని గడ్డి తీసేద్దామని తీర్మానించింది. చెన్నకేశవరావుగారు సంతకం పెట్టారు గాని, ఆ వారమంతా వాకింగుకు రాలేదు.

గడ్డికి బదులు ఏం పెట్టాలన్నప్పుడు సహన వచ్చింది. మా బళ్లారి పిల్లే. బెంగళూరులో తోటలు వేసే చదువు చదివింది. ఇంట్లో కన్నడం, మాతో కన్నడం కలిపిన తెలుగు. ఆ అమ్మాయి చెప్పింది నాకు బాగా నచ్చింది. ఈ నేలలో వానకు వాటంతట అవే మొలిచేవి, ఎండకు ఆకు రాల్చి మళ్ళీ చిగురించేవి, నీళ్ళు అడగనివి పెడదామంది. తంగేడు, తుమ్మి, విష్ణుక్రాంత, వెంపలి, నేలవేము, ముళ్ళగోరింట. మధ్యమధ్య గులకరాళ్ళు, నడవడానికి బండలు. నర్సరీలో ఇవి దొరకవు కాబట్టి మిగిలిన ఎండాకాలమంతా సండూరు కొండలు తిరిగి విత్తనాలు ఏరుకొచ్చింది. అవి పొట్లాల్లో చూస్తే పిడికెడు ఉన్నాయి, అంతే. చెన్నకేశవరావుగారు మాత్రం పెదవి విరిచారు. "పిచ్చిమొక్కలమ్మా ఇవన్నీ. కల్యాణమండపాల్లో వేస్తారే, ప్లాస్టిక్ పచ్చిక, అది వేసేస్తే పోయేదిగా. నీళ్ళూ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు." సంఘంలో చేతులెత్తించి లెక్కపెడితే ఒకే ఒక్క చేయి తేడాతో సహన మాట నెగ్గింది. ఈ వానాకాలం చూద్దాం, సరిగ్గా రాకపోతే చవితి పందిరి ఎత్తేయగానే ప్లాస్టిక్ పచ్చిక అన్నారాయన.

సహన జూన్‌లో మొదటి వానకు నేల చదును చేయించి విత్తనాలు చల్లింది. ప్రతి మడి మొదట్లో వెదురుపుల్ల పాతి, దానికి కన్నడంలో పేరు రాసిన అట్టముక్క కట్టింది. సరిగ్గా ఆ పది రోజులూ యంకమ్మ ఊళ్ళో లేదు. కావేరికి ఒంట్లో బాగోలేదని సండూరు పోయింది. తిరిగొచ్చాక ఆమెకు సంగతి చెప్పాల్సింది సెక్రటరీ, అంటే నేను. మరిచిపోయాను. ఇంతకంటే అందంగా చెప్పుకోవడానికి నా దగ్గర సాకు ఏదీ లేదు.

ఆమె వచ్చిన రోజు నేను పంపు దగ్గర నిలబడి కరెంటు మేస్త్రీతో ఫోన్‌లో గొడవ పడుతున్నాను. రాత్రి వాన పడింది. యంకమ్మ నేల చూసి నా దగ్గరికొచ్చింది.

"ఏంది సారూ ఇది, నేను పది దినాలు లేకుంటే ఇంత కలుపు మొల్సింది ఈడ! ఏం జేయమంటారు?"

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే అన్నాను. "ఆదివారం ప్రెసిడెంటుగారు చూడ్డానికి వస్తున్నారు. శుభ్రంగా ఉండాలి. ఒక్క పిచ్చిమొక్క కనపడకూడదు."

నా మనసులో ఉన్నది నడిచే దారి, బెంచీల చుట్టుపక్కల. ఆమె అడిగింది పార్కు మొత్తం. సరే సారూ అని తల ఊపి పోయింది.

రెండు రోజులు పట్టిందట. సన్నటి జల్లుల్లో, గోనెపట్టా తలమీద కప్పుకుని, అరెకరం నేలలో మొలిచిన ప్రతి మొక్కనూ వేరుతో సహా తీసేసింది. తుమ్మి, విష్ణుక్రాంత, వెంపలి, రెండాకుల తంగేడు. అట్టముక్కలు కట్టిన పుల్లలు పిల్లల ఆట సామాను అనుకుని పెరికి, వాన తగలకుండా షెడ్డులో వరసగా పేర్చి పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఏ మొక్కలను పీకడమే ఆమె ఉద్యోగమో, ఆ మొక్కలనే మేము పనిగట్టుకుని నాటించాం. ఈ ముక్క ఆమె చెవిన వేయాలని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆదివారం సహన గేటు దాటి వచ్చి అట్లాగే నిలబడిపోయింది. నేల అద్దంలా ఉంది.

"అంకల్, నన్న గిడగళు ఎల్లి? నా చెట్లన్నీ యాడికి పోయినాయి?"

యంకమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. మెచ్చుకుంటారని వచ్చింది పాపం.

"కలుపంతా తీసేసినామ్మా. సూడు, ఎట్లుండాదో."

"అది కలుపు గాదమ్మా! నేనే విత్తనం వేసి మొలిపించినా."

"తుమ్మి చెట్లను ఎవురన్నా ఏసి మొలిపిస్తారామ్మా?" యంకమ్మకు నిజంగానే అర్థం కాలేదు. ఆ పిల్ల ముఖం చూశాక, మెల్లమెల్లగా అర్థమైంది. చేతిలో కొడవలి కింద పెట్టేసింది.

సహన బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. మళ్ళీ విత్తనాలు కావాలంటే వచ్చే ఎండాకాలం దాకా ఆగాలి. ఆ సాయంత్రమే సంఘం కూర్చుంది. చెన్నకేశవరావుగారు కోపిష్టి మనిషి కాదు, కాని ఆ రోజు ఆయన గొంతులో ఏదో తృప్తి కూడా వినిపించింది. గుమ్మం దగ్గర నిలబడ్డ యంకమ్మను అడిగారు.

"నిన్ను పీకమని ఎవరు చెప్పారు యంకమ్మా?"

యంకమ్మ నా వైపు చూసింది. ఒక్క క్షణం కాదు, చాలాసేపు చూసింది. నేను ముందున్న మినిట్స్ పుస్తకంలో తేదీ రాస్తున్నాను. తేదీ రాయడానికి అంతసేపు పట్టదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఎవురూ చెప్పలేదు సారూ" అంది. "నేనే పీకినా."

ఆగస్టు నెలాఖరు వరకే యంకమ్మ పని అని తీర్మానం అయింది. ప్లాస్టిక్ పచ్చికకు నీళ్ళు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి. ఇంటికెళ్ళి మాత్రం అన్నం కంచం పక్కకు జరిపాను. నా కడుపులో బాగోలేదని మా ఆవిడతో అబద్ధం చెప్పాను. పిరికివాడికి అన్ని అబద్ధాలూ ఒకదాని వెనక ఒకటి తేలిగ్గానే వస్తాయి.

నెలాఖరున యంకమ్మ కొడవలి, పైపు, షెడ్డు తాళంచెవి నాకు అప్పగించింది. కొడవలి తనదే, సంఘానిది కాదు. అయినా ఇచ్చేసింది. నేను తీసుకున్నాను.

చవితి నాటి పొద్దున ఎనిమిదైనా పత్రి రాలేదు. పార్కులో పందిరి కింద విగ్రహం పెట్టారు, మైకు మోగుతోంది. పందిరి చుట్టూ నేల బోసిగా, ఎర్రగా ఉంది. మా ఆవిడ పీట కడిగి, పసుపు వినాయకుణ్ణి చేసి, వీధిలోకి తొంగి చూస్తోంది. "ఆమెను పనిలోంచి తీసేశారుగా, ఇంకెక్కడి పత్రి" అని నా వైపు చూడకుండా అంది. నేను చొక్కా వేసుకుని బయల్దేరాను.

యంకమ్మ గది తలుపు తీసే ఉంది. లోపల చీరలు మూట కడుతోంది. గుమ్మం పక్కనే తట్ట ఉంది, మీద తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద కాలనీలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని పత్రి కట్టలు, ఒక్కటి తక్కువ కాకుండా ఉన్నాయి.

"ఇదేంటి యంకమ్మా, తేలేదే?"

"పని ఇడిపించినాక లోపలికి ఎట్ల వచ్చేది సారూ? అట్లని దేవునికి తక్కువ జేసేకి మనసు రాల్యా. కోసి కట్టి పెట్టినా. ఎవురన్నా వస్తే ఇయ్యల్ల అనుకొంటి." మూట ముడి బిగించింది. "మధ్యాన్నం బస్సుకు సండూరు పోతాండా. కావేరి రమ్మంటాంది."

"మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

"ఇంగేమొచ్చేది. ఈడ నాకేముండాది?"

నేను గుమ్మం మీదే కూలబడ్డాను. 

"ఆ రోజు పీకమన్నది నేనేగా. పిచ్చిమొక్క ఒక్కటి ఉండకూడదన్నది నేను. మీటింగులో ఆ మాట ఎందుకు చెప్పలేదు నువ్వు?"

యంకమ్మ మూట పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసింది. కోపం లేదు.

"మీరు చెప్తారని సూస్తాంటి సారూ."

అంతే అంది. ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళలో పై అధికారులు నన్ను చాలా మాటలు అన్నారు. అవన్నీ కలిపినా ఈ ఒక్క మాటంత బరువు ఉండవు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీళ్ళు తాగాక ఇరవై రెండేళ్ళ ఆలస్యంగా ఆ ప్రశ్న అడిగాను.

"ఇంతకీ ఈ పత్రి ఎక్కడ కోస్తావు?"

"యాడో గాదు, మన గోడెనకాలే. రాండి సూపిస్తా."

సందు చివర కాలనీ గోడ వెంబడే నడిచాం. గోడలో రాళ్ళు పడిపోయిన చోటు వచ్చింది. దాని కింద నేల వాలుగా బండల దాకా దిగుతుంది. ఆ వాలంతా నిండి ఉంది. ముందు నాకు రంగులే కనపడ్డాయి. తంగేడు పసుపు, తుమ్మి తెలుపు, నేలబారున విష్ణుక్రాంత నీలం. తర్వాత ఒక్కొక్కటే కంటికి ఆనింది. ముళ్ళగోరింట, వాకుడు, నేలవేము, బండల మీదికి పాకిన నల్లేరు, మనిషెత్తు జిల్లేడు. తుమ్మి పూల మీద తేనెటీగలు ముసిరి ఉన్నాయి. గోడకు ఇవతల మేము ట్యాంకరు నీళ్ళ కోసం కొట్టుకున్న ఆ ఎండాకాలమంతా, గోడకు అవతల ఇవి ఇక్కడే ఉన్నాయన్నమాట. ఎవరూ ఒక్క చుక్క పోయలేదు.

"నేను పారబోసినవే సారూ, ఇన్నేండ్లూ" అంది యంకమ్మ. "ఏరు తెగకుండా పీకుతా గదా, వాన పడితే మళ్ళా పట్టుకొంటాయి. కొన్ని ఇత్తనం రాల్చుకొని మొలుస్తాయి. ఈడ ఎవురికీ అడ్డం లేవు, ఉండనీలే అని ఇడిసిపెట్టినా." పక్కకు తిరిగి, గోడ దగ్గరి కొత్త గుబురును చూపించింది. "ఇవి ఆ పాప ఏసినవి. ఆ రెండు దినాలూ జల్లు పడతాండె గదా, సగానికి జాస్తే బతికినాయి. చెప్దామనుకొంటి. ఎవురికి చెప్పేది?"

నేను అక్కడినుంచే సహనకు ఫోన్ చేశాను. పండగపూట ఎందుకని అడిగింది. కట్టుకున్న బట్టలతో రమ్మన్నాను.

తర్వాత తట్ట నేనే ఎత్తుకున్నాను. యంకమ్మ వద్దు వద్దంటూ వెనక వచ్చింది. ఒక సెక్రటరీ తల మీద పత్రి తట్టతో పందిట్లోకి వస్తే కాలనీ అంతా తిరిగి చూడకుండా ఎట్లా ఉంటుంది? పూజ ఇంకా మొదలు కాలేదు. మైకు ఖాళీగా ఉంది. నాకు మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు, ఆ రోజు మాత్రం అడగకుండానే లాక్కున్నాను. మొక్కలు పీకమన్నది నేనని, యంకమ్మకు ముందే చెప్పాల్సింది కూడా నేనని, మీటింగులో నోరు మూసుకుని ఒక మనిషి కూడు పోగొట్టానని, పీకిన మొక్కలు గోడ వెనక దిబ్బమీద బతికే ఉన్నాయని చెప్పాను. మైకు మధ్యలో కీచుమంది. ఎవరూ నవ్వలేదు.

 చెన్నకేశవరావుగారికి డెబ్భై నాలుగు. లేచి, పంచె పైకి దోపుకుని, "ఆ దిబ్బేదో చూపించు" అన్నారు. గోడ సందులోంచి ఆయనను దాటించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. వాలు మీద నిలబడి, ఎటు చూసినా పచ్చగా ఉన్నదాన్ని చూసి, కాలువ కింద పుట్టిపెరిగిన రైతు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

"నీళ్ళు ఎవరు పెట్టారు?"

"ఎవురూ పెట్టలేదు సారూ."

"ఎవరో ఒకరు పెట్టుండాలి."

"వాన పెట్టింది" అంది యంకమ్మ.

ఆయన వంగి ఒక ఆకు తుంచి వాసన చూశారు. మళ్ళీ అడిగారు, ఈసారి నవ్వు దాచుకుంటూ. "ఇందులో ఊద ఉందా?"

"ఊదకు నీళ్ళు జాస్తి గావాల సారూ. మీ మాదిరి. ఈడ బతకదు."

 ఆయన బిగ్గరగా నవ్వేశారు. మడి గట్టు మీద నిలబడి పందెం వేసిన మనిషి ఇంకా ఆయనలో ఉన్నాడని అప్పుడు తెలిసింది. అంతలో సహన పట్టులంగా పైకి పట్టుకుని గోడ సందులోంచి దూకింది, తన గుబురు ముందు చతికిలబడి, ఒక్కొక్క మొక్కనూ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న మరో నాలుగింటి పేర్లు ఆ పిల్లకు తెలియలేదు. యంకమ్మ చెప్పింది.

ప్లాస్టిక్ పచ్చిక రాలేదు. యంకమ్మ మూట విప్పింది. పనిలోకి రమ్మని పిలవడానికి చెన్నకేశవరావుగారే సందులోని ఆమె గదికి వెళ్ళారు. ఏమైనా కావాలా అని ఆయన అడిగితే, ఆమె ఒక్కటే కోరింది.

"ఇంగమీద ఏమన్నా నాటేటప్పుడు నాకొక మాట చెప్పండి సారూ, సాలు."

నేను ఆమె కొడవలి కడిగి, పదును పెట్టించి తీసుకెళ్ళి ఇచ్చాను. తీసుకుని, మొన మీద బొటనవేలు ఆనించి చూసి, "మేలుగా పెట్టినాడు" అంది. మా మధ్య ఆ సంగతి గురించి ఇంకేమీ మాటలు జరగలేదు.

ఆ భాద్రపదం, ఆశ్వయుజం మబ్బుపట్టిన సాయంత్రాల్లో దిబ్బమీది మొక్కలు ఒక్కొక్కటే గోడ దాటి లోపలికి వచ్చాయి. వేరు చుట్టూ మన్నుతో సహా ఎత్తి, గోనెసంచి మీద పెట్టి, ఇద్దరు మనుషులు పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చేవాళ్ళు. ఏది ఎక్కడ పెట్టాలో సహన కాగితం మీద గీసుకొచ్చేది. యంకమ్మ కాగితం చూడకుండా నేల చూసి, ఈడొద్దు, ఆ బండ నీడకు పెట్టు అనేది. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఆమె మాటే నెగ్గేది. నాటిన రోజు ఒక చెంబు నీళ్ళు, అంతే. పైపు షెడ్డులో చుట్టపెట్టి ఉంది, ఈ మధ్య దానిలో బల్లులు కాపురం పెట్టాయి. ట్యాంకరు నీళ్ళు ఇళ్ళకే పోతున్నాయి.

ఇప్పుడు మా వాళ్ళు చెప్పులు వేసుకునే నడుస్తున్నారు. ఒకరిద్దరు సణుగుతారు, గడ్డి ఉన్నప్పుడే బాగుండేదని. నిజం చెప్పాలంటే నాకు కూడా ఒక్కోసారి ఆ మెత్తదనం గుర్తొస్తుంది. తంగేడు పూసిన పొద్దున మాత్రం గుర్తు రాదు.

మొన్న వాన పడ్డాక పార్కుకు పోతే యంకమ్మ ఎప్పటిలాగే గొంతుకూర్చుని జరుగుతోంది. పక్కన గోనెసంచి. ఈ తోటలో ఇంకా పీకడానికి ఏముందా అని దగ్గరికి పోయి చూశాను. సంచి నిండా మా పాత గడ్డి. రెండేళ్ళు ఎండినా నేలలో ఎక్కడో కణుపులు దాగి ఉండి, వాన పడగానే విష్ణుక్రాంత మధ్యలోంచి పచ్చగా తల ఎత్తుతోందట. ఇప్పుడు అదే కలుపు. వేరు కొస దాకా తెగకుండా లాగి, మన్ను దులిపి సంచిలో వేస్తోంది.

సంచి నిండగానే భుజానికెత్తుకుని గోడ సందువైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. దిబ్బ ఇప్పుడు సగం ఖాళీగా ఉంది. ఖాళీ అయిన చోట ఆమె గడ్డిని కుప్పగా పారబోయలేదు. ఒక్కొక్క పిడికెడు తీసి, వేర్లు కిందికి వచ్చేలా పరుస్తోంది.

"అదేంటి యంకమ్మా, పీకిన కలుపును మళ్ళీ నాటుతున్నావు?"

ఆమె నడుం పట్టుకుని లేచి, గోడ మీదుగా కాలనీ వైపు ఒకసారి చూసింది.

"ఉండనీ సారూ. రేపు మీరు మళ్ళా ఇదే గావాలంటే, యాడికి పోయి తెచ్చేది?"